గ్యాస్ బావుల దగ్గర మిగిలే మిథనాల్ నీళ్లు: పారబోస్తే విషం, క్యాటలిస్ట్ మీదుగా పంపితే ఇంధనం

సహజ వాయువును భూమిలోంచి తీసి, శుభ్రం చేసి, పైపుల్లోకి పంపే ప్రతి చోటా కొంత నీరు మిగులుతుంది. చూడటానికి అది మామూలు నీళ్లలాగే ఉంటుంది. చలి దేశాల గ్యాస్ క్షేత్రాల్లో అయితే ఆ నీటిలో మిథనాల్ అనే విషం కలిసి ఉంటుంది. దాన్ని వాగులో వదలకూడదు, నేల మీద పోయకూడదు, తాగితే ప్రాణమే పోతుంది. అదే మిథనాల్‌ను వేడి చేసి సరైన క్యాటలిస్ట్ మీదుగా పంపితే పెట్రోల్, హైడ్రోజన్, వంట గ్యాస్‌లాంటి ఇంధనం వస్తాయి. ఈ మార్పు ఎలా జరుగుతుంది? ఇంత లాభం ఉంటే అన్ని చోట్లా ఎందుకు చేయడం లేదు? ఈ వ్యాసంలో చూద్దాం.

మిథనాల్ అంటే ఏమిటి?

ఆల్కహాల్ కుటుంబంలో అన్నిటికన్నా చిన్న అణువు మిథనాల్. ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులు కలిస్తే అది తయారవుతుంది. ఒకప్పుడు కట్టెలను గాలి తగలకుండా కాల్చి తీసేవారు కాబట్టి దానికి ‘ఉడ్ ఆల్కహాల్’ అనే పేరు కూడా ఉంది. ఇప్పుడు ఎక్కువగా సహజ వాయువు నుంచి, చైనాలో బొగ్గు నుంచి తయారు చేస్తున్నారు. రంగు ఉండదు, నీళ్లలో ఎంతైనా కలిసిపోతుంది. సుమారు 65 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సున్నాకు 97 డిగ్రీలు కిందికి వెళ్తే గానీ గడ్డకట్టదు. గ్యాస్ బావుల వాళ్లకు దాని అవసరం పడింది ఈ చివరి గుణం వల్లే.

గ్యాస్ బావిలో మిథనాల్‌కు ఏం పని?

భూమి లోపలి నుంచి వచ్చే గ్యాస్ ఒంటరిగా రాదు, వెంట నీటి ఆవిరి కూడా వస్తుంది. పైపులో ఒత్తిడి ఎక్కువగా ఉండి, వేడి తగ్గితే నీటి అణువులు బోనులాగా అల్లుకుని మీథేన్ అణువులను లోపల బంధిస్తాయి. అలా తయారయ్యే గడ్డనే ‘గ్యాస్ హైడ్రేట్’ అంటారు. అది మంచులాగే కనిపిస్తుంది కానీ మంచు కాదు. నీరు గడ్డకట్టాలంటే సున్నా డిగ్రీలు కావాలి. హైడ్రేట్‌కు అంత చలి అక్కర్లేదు. గాలి ఒత్తిడికి 40 రెట్లు ఒత్తిడి ఉంటే 4 డిగ్రీల దగ్గరే మీథేన్ హైడ్రేట్ ఏర్పడుతుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ ఇంకా వెచ్చని చోట కూడా తయారవుతుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్‌లో సుమారు 160 ఘనపు మీటర్ల గ్యాస్ ఇమిడి ఉంటుంది.

పైపుల్లో అడ్డం పడేది మామూలు మంచు కాదని, ఈ హైడ్రేట్ అని 1934లో అమెరికా శాస్త్రవేత్త హ్యామర్‌ష్మిట్ నిరూపించారు. అప్పటి నుంచి గ్యాస్ కంపెనీలకు ఇది పెద్ద తలనొప్పి. గడ్డ పూర్తిగా అడ్డుపడితే ఉత్పత్తి ఆగిపోతుంది. దాన్ని తప్పుగా కరిగిస్తే, వెనక ఉన్న ఒత్తిడికి ఆ గడ్డ పైపులో తూటాలా దూసుకుపోయి పైపును చీల్చగలదు, దగ్గర ఉన్న మనుషులను చంపగలదు.

దీనికి విరుగుడుగా బావిలోకి, పైపులోకి మిథనాల్‌ను పంపు చేస్తారు. అది నీటి అణువుల మధ్య చేరి వాటిని బోనులా అల్లుకోనివ్వదు. దాంతో హైడ్రేట్ ఏర్పడాలంటే ఇంకా ఎక్కువ చలి కావాల్సి వస్తుంది. ఈ పనికి గ్లైకాల్ అనే మరో ద్రవాన్ని కూడా వాడతారు. కానీ బాగా చల్లబడితే గ్లైకాల్ చిక్కబడి సరిగా పారదు. మిథనాల్ మాత్రం ఎముకలు కొరికే చలిలోనూ నీళ్లలాగే పారుతుంది.

సైబీరియా ఉత్తరాన ఏం జరుగుతోంది?

ఈ సమస్యను పెద్ద ఎత్తున చూడాలంటే రష్యాలోని పశ్చిమ సైబీరియాకు వెళ్లాలి. అక్కడ ఉరెంగోయ్ గ్యాస్ క్షేత్రాన్ని 1966లో కనుగొన్నారు, 1978లో ఉత్పత్తి మొదలైంది. దానికి ఉత్తరాన ఉన్న యాంబుర్గ్‌ను 1969లో కనుగొన్నారు, 1980లలో గ్యాస్ తీయడం మొదలుపెట్టారు. ఇవి ప్రపంచంలోనే అతిపెద్ద గ్యాస్ క్షేత్రాల్లో కొన్ని. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 40 డిగ్రీలు కింద, కొన్ని రోజులు ఇంకా కిందికి కూడా పోతుంది. నేల అడుగున ఏడాది పొడవునా కరగని మంచు ఉంటుంది. అలాంటి చోట మిథనాల్ లేకుండా బావి నడపడం చాలా కష్టం.

బావిలోకి పంపిన మిథనాల్ మూడు దారుల్లో పోతుంది. కొంత ఆవిరై గ్యాస్‌తో వెళ్లిపోతుంది. కొంత గ్యాస్‌తో పాటు వచ్చే ద్రవ ఇంధనం, అంటే కండెన్సేట్‌లో కలుస్తుంది. మిగిలింది నీటితో కలిసి సెపరేటర్ అడుగున చేరుతుంది. ఈ అడుగు నీటినే ‘మిథనాల్ నీరు’ అంటారు. అందులో మిథనాల్ ఒక చోట కొద్ది శాతమే ఉంటుంది, ఇంకో చోట సగం దాకా ఉండొచ్చు. దాంతో పాటు భూమిలోంచి వచ్చిన ఉప్పులు, నూనె తుంపరలు, తుప్పు, యంత్రాల్లో వాడే రసాయనాలు కూడా ఉంటాయి.

అక్కడి నదులు, చెరువుల్లోని చేపల మీద, టండ్రాలో మేసే రెయిన్‌డీర్ మందల మీద ఆధారపడి నేనెత్స్ ప్రజలు బతుకుతారు. వెచ్చని నేలలో మిథనాల్‌ను బాక్టీరియా కొన్ని రోజుల్లో తినేస్తుంది. గడ్డకట్టిన నేలలో ఆ పని చాలా నెమ్మదిగా సాగుతుంది. కాబట్టి పారబోసి వదిలేస్తే అదే పోతుందిలే అనుకునే వీలు అక్కడ లేదు.

ఇప్పటిదాకా చేస్తున్నదేమిటి?

మొదటి పద్ధతి డిస్టిలేషన్. అత్తరు తీసే బట్టీని చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. డేగ్‌లో గులాబీలను నీళ్లతో మరిగిస్తే సువాసన ఆవిరితో పైకి లేచి, పక్కన చల్లని పాత్రలో దిగుతుంది. ఇక్కడ కూడా అంతే. మిథనాల్ నీటికన్నా ముందే మరుగుతుంది కాబట్టి దాని ఆవిరిని వేరుగా పట్టి చల్లార్చి మళ్లీ బావిలోకి పంపుతారు. పెద్ద క్షేత్రాల్లో ఇదే జరుగుతుంది. చిన్న క్షేత్రాల్లో, నీరు తక్కువగా వచ్చే చోట అంత ఎత్తు టవర్ కట్టి నడపడం గిట్టుబాటు కాదు. పైగా నీటిలోని ఉప్పు గొట్టాల లోపల పొరలు పొరలుగా పేరుకుని వేడి అందకుండా చేస్తుంది.

రెండోది, ఆ నీటిని వెయ్యి మీటర్లకు పైగా లోతున ఉన్న రాతి పొరల్లోకి పంపు చేయడం. కళ్ల ముందు నుంచి పోతుంది కానీ విషం విషంగానే భూమిలో మిగులుతుంది.

మూడోది, గ్యాస్ మంటలో చల్లి కాల్చడం. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. వంద కిలోల నీటిలో మిథనాల్ పది కిలోలే ఉందనుకుందాం. ఆ పది కిలోలు కాలితే సుమారు 200 మెగాజౌళ్ల వేడి వస్తుంది. మిగిలిన 90 కిలోల నీటిని మరిగించి ఆవిరి చేయడానికే 230 మెగాజౌళ్లు కావాలి. అంటే పలచటి మిథనాల్ నీరు దానంతట అది కాలదు. దాన్ని కాల్చడానికి అమ్ముకోవాల్సిన గ్యాస్‌నే తగలబెట్టాలి. విషం పోతుంది కానీ దాంతో పాటు సొమ్మూ పోతుంది.

క్యాటలిస్ట్ ఏం చేస్తుంది?

క్యాటలిస్ట్‌ను పాఠ్యపుస్తకాల్లో ‘ఉత్ప్రేరకం’ అంటారు. పెళ్లి సంబంధాలు కుదిర్చే పెద్దమనిషిలాంటిదే ఇది. రెండు కుటుంబాలను దగ్గరకు చేరుస్తాడు, పని సులువు చేస్తాడు, నిఖా అయ్యాక తాను మళ్లీ మరో సంబంధానికి వెళ్తాడు. క్యాటలిస్ట్ కూడా అలాగే అణువులను తన ఉపరితలం మీదికి తెచ్చి, తక్కువ వేడిలోనే మార్పు జరిగేలా చూస్తుంది. తాను ఖర్చయిపోదు.

మిథనాల్ విషయంలో క్యాటలిస్ట్‌ను బట్టి వచ్చే సరుకు మారిపోతుంది. ముఖ్యమైన దారులు నాలుగు.

1. డైమిథైల్ ఈథర్. అల్యూమినా అనే తెల్లటి పదార్థం మీదుగా మిథనాల్ ఆవిరిని సుమారు 250 నుంచి 400 డిగ్రీల వేడిలో పంపితే, రెండు మిథనాల్ అణువులు కలిసి ఒక నీటి అణువును వదిలేస్తాయి. మిగిలేది డైమిథైల్ ఈథర్. లెక్క ప్రకారం 64 కిలోల మిథనాల్‌కు 46 కిలోలు రావాలి. ఇది మామూలుగా గ్యాస్ రూపంలో ఉంటుంది, కొద్ది ఒత్తిడి పెడితే ఎల్‌పీజీలాగా ద్రవమవుతుంది. వంట గ్యాస్‌లో కలపవచ్చు, తగిన మార్పులు చేస్తే డీజిల్ ఇంజిన్లలోనూ వాడవచ్చు.

2. పెట్రోల్. 1970లలో అమెరికాలోని మొబిల్ కంపెనీ శాస్త్రవేత్తలు జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్‌తో ఈ దారి కనుగొన్నారు. జియోలైట్ అంటే అణువుల జల్లెడ. దాని లోపల కంటికి కనపడనంత సన్నటి సొరంగాలు ఉంటాయి. మిథనాల్ ఆవిరి 350 నుంచి 400 డిగ్రీల వేడిలో ఆ సొరంగాల్లోకి వెళ్లి, పెట్రోల్‌లో ఉండే హైడ్రోకార్బన్లుగా బయటికి వస్తుంది. సొరంగం వెడల్పును మించిన పెద్ద అణువు బయటికి రాలేదు, అందుకే వచ్చే సరుకు పెట్రోల్ సైజులోనే ఆగుతుంది. 1980ల మధ్యలో న్యూజిలాండ్‌లోని మోటునుయి దగ్గర ఈ పద్ధతితో పెద్ద ఫ్యాక్టరీ నడిచింది. ఆ దేశానికి కావాల్సిన పెట్రోల్‌లో సుమారు మూడో వంతు అక్కడే తయారైంది. తర్వాత చమురు ధరలు పడిపోవడంతో మిథనాల్‌ను మిథనాల్‌గానే అమ్మడం లాభమని 1990లలో పెట్రోల్ భాగాన్ని ఆపేశారు. అక్కడ వాడింది వ్యర్థం కాదు, గ్యాస్ నుంచి చేసిన మిథనాల్. కానీ ఆ పద్ధతి పెద్ద ఎత్తున పనిచేస్తుందని అది రుజువు చేసింది. 32 కిలోల మిథనాల్ నుంచి ఎక్కువలో ఎక్కువ 14 కిలోల హైడ్రోకార్బన్లు వస్తాయి, మిగిలిన 18 కిలోలు నీరే.

3. హైడ్రోజన్. రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా కలిపిన క్యాటలిస్ట్ మీదుగా మిథనాల్‌ను, నీటి ఆవిరిని కలిపి 200 నుంచి 300 డిగ్రీల వేడిలో పంపితే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. 32 కిలోల మిథనాల్, 18 కిలోల నీరు కలిస్తే 6 కిలోల హైడ్రోజన్ వస్తుంది. దీన్ని ‘స్టీమ్ రిఫార్మింగ్’ అంటారు.

4. పూర్తిగా తగలబెట్టడం. ప్లాటినం లేదా పల్లేడియం పూసిన క్యాటలిస్ట్ మీద మిథనాల్ ఆవిరి, గాలి కలిస్తే మంట లేకుండానే కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారిపోతాయి. సరుకేమీ చేతికి రాదు, వేడి మాత్రం వస్తుంది. ఇది సగంలో ఆగితే ఫార్మాల్డిహైడ్ అనే మరో విషం పుడుతుంది కాబట్టి వేడిని, గాలిని జాగ్రత్తగా చూసుకోవాలి.

నీరు శత్రువా, మిత్రుడా?

వ్యర్థ మిథనాల్‌కు, ఫ్యాక్టరీలో తయారైన మిథనాల్‌కు తేడా అంతా నీటిలోనే ఉంది. మొదటి రెండు దారుల్లో నీరు బయటికి వచ్చే సరుకు. ముందే ఎక్కువ నీరు ఉంటే మార్పు మందగిస్తుంది. అల్యూమినా ఉపరితలం మీద నీటి అణువులే చోటు ఆక్రమించి మిథనాల్‌ను రానివ్వవు. జియోలైట్ అయితే వేడి ఆవిరిలో ఎక్కువ కాలం ఉంటే దాని నిర్మాణం నుంచి అల్యూమినియం ఊడిపోయి మెల్లగా శక్తి కోల్పోతుంది. అందుకే ఈ దారులకు ముందుగా మిథనాల్‌ను కొంత చిక్కబరచాలి.

మూడో దారిలో లెక్క తిరగబడుతుంది. అక్కడ నీరు ముడిసరుకు. మిథనాల్ 64 శాతం, నీరు 36 శాతం ఉంటే అణువుకు అణువు సరిపోతుంది. నీరు అంతకన్నా కాస్త ఎక్కువున్నా మంచిదే, కార్బన్ మోనాక్సైడ్ తక్కువగా పుడుతుంది. నీటినంతా తీసేయాల్సిన ఖర్చు ఇక్కడ తప్పుతుంది. మరీ పలచగా ఉంటే మాత్రం నీటిని ఆవిరి చేయడానికే ఇంధనమంతా అయిపోతుంది.

మరి అన్ని చోట్లా ఎందుకు లేదు?

మొదటి అడ్డంకి ఉప్పు. ఉప్పునీటిని నేరుగా క్యాటలిస్ట్ మీదికి పంపితే దాని రంధ్రాలు మూసుకుపోతాయి. ముందుగా ఆవిరి చేసి ఉప్పును అడుగున వదిలేయాల్సిందే.

రెండోది గంధకం. రాగి క్యాటలిస్ట్‌కు గంధకం పడదు, కొద్దిగా తగిలినా అది చచ్చుబడుతుంది. గ్యాస్‌తో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. మిథనాల్‌ను ఎవరూ పొరపాటున మద్యం అనుకుని తాగకుండా, దానిలో ఘాటైన చెడు వాసన వచ్చే మెర్కాప్టాన్‌ను, రంగును కలపాలని రష్యాలో భద్రతా నియమం ఉంది. ఆ మెర్కాప్టాన్‌లో ఉన్నది గంధకమే. మనిషి ప్రాణాన్ని కాపాడే పదార్థమే క్యాటలిస్ట్ ప్రాణం తీస్తుంది. మనిషిని కాపాడటం ముందు కాబట్టి గంధకాన్ని పట్టుకునే పొరను క్యాటలిస్ట్‌కు ముందు పెట్టాలి.

మూడోది మసి. జియోలైట్ సొరంగాల్లో క్రమంగా కార్బన్ పేరుకుంటుంది. అప్పుడప్పుడు వేడి గాలి పంపి దాన్ని కాల్చేయాలి. అందుకని రెండు రియాక్టర్లు పెట్టి, ఒకటి పనిచేస్తుంటే ఇంకోదాన్ని శుభ్రం చేస్తారు.

నాలుగోది దూరం, ఖర్చు. ఉత్తర సైబీరియాకు మిథనాల్‌ను వేల కిలోమీటర్ల దూరం నుంచి రైల్లో, ట్యాంకర్లలో తేవాల్సి ఉంటుంది. అందుకే దొరికిన ప్రతి లీటరునూ మళ్లీ బావిలోకి పంపడమే మొదటి ఎంపిక అవుతుంది. తిరిగి వాడలేనంత మురికిగా ఉన్నది, లేదా తిరిగి శుద్ధి చేసే టవర్ లేని చోట మిగిలింది మాత్రమే క్యాటలిస్ట్ వాటాకు వస్తుంది.

క్యాటలిస్ట్ వాడినంత మాత్రాన కార్బన్ మాయమైపోదు. 32 కిలోల మిథనాల్ ఏ దారిన వెళ్లినా, చివరికి కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడే వస్తుంది. తేడా ఏమిటంటే, ఊరికే కాలిపోయే బదులు అది ఒక జనరేటర్‌నో, బాయిలర్‌నో నడుపుతుంది. నేలకు, నీటికి విషం చేరదు.

ఏ నీటికి ఏ దారి?

క్లుప్తంగా చెప్పుకుంటే:

* మిథనాల్ ఎక్కువ, నీరు రోజూ పెద్ద మొత్తంలో వస్తే: డిస్టిలేషన్ చేసి మళ్లీ వాడటం.
* మిథనాల్ సగం, అంతకు మించి ఉండి, తిరిగి వాడే వీలు లేకపోతే: ఉప్పు, గంధకం తీసి హైడ్రోజన్ చేయడం.
* బాగా చిక్కబరచగలిగితే: డైమిథైల్ ఈథర్ లేదా పెట్రోల్.
* బాగా పలచగా ఉంటే: గాలి లేదా ఆవిరితో మిథనాల్‌ను బయటికి లాగి క్యాటలిస్ట్ మీద పూర్తిగా ఆక్సీకరణం చేయడం, లేదా వెచ్చని చోట బాక్టీరియా ట్యాంకులకు పంపడం.

మన తీరానికి దీనితో సంబంధం ఉందా?

ఉంది. హైడ్రేట్‌కు సైబీరియా చలే అక్కర్లేదు, లోతైన సముద్రం అడుగున ఉండే చలి, ఒత్తిడి చాలు. 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌకతో తవ్వినప్పుడు, కృష్ణా-గోదావరి తీరానికి దూరంగా సముద్రం అడుగున సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ పొర బయటపడింది. అదే తీరంలో కాకినాడ దగ్గరి కేజీ-డి6 క్షేత్రం నుంచి 2009లో గ్యాస్ రావడం మొదలైంది. లోతు సముద్రపు పైపుల్లో హైడ్రేట్ పట్టకుండా అక్కడ ముఖ్యంగా గ్లైకాల్‌ను వాడతారు. గ్లైకాల్ గాల్లోకి తక్కువగా పోతుంది, వేడి చేసి నీటిని తీసేసి మళ్లీ వాడుకోవచ్చు. మన వాతావరణానికి అది సరిపోతుంది.

మిథనాల్‌తో పనిచేసేవారు తెలుసుకోవాల్సినవి

గల్ఫ్‌లోని గ్యాస్, పెట్రోకెమికల్ ప్లాంట్లలో తెలుగువాళ్లు ఎంతోమంది ఉన్నారు. సౌదీలోని జుబైల్, ఖతర్‌లోని మెసయీద్ లాంటి చోట్ల మిథనాల్ ఫ్యాక్టరీలే ఉన్నాయి. ఇంట్లో ఒక్కరు అలాంటి చోట పనిచేస్తున్నా ఈ విషయాలు అందరికీ తెలిసి ఉండటం మంచిది.

మిథనాల్ శరీరంలోకి వెళ్లాక కాలేయంలో ముందు ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లు చాలు చూపు పోవడానికి. 30 మిల్లీలీటర్లతో ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. లక్షణాలు వెంటనే కనిపించకపోవడమే అసలు ప్రమాదం. 12 నుంచి 24 గంటల దాకా మనిషి బాగానే ఉన్నట్టు ఉండొచ్చు. తర్వాత తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి, కళ్ల ముందు మంచు కమ్మినట్టు ఉండటం మొదలవుతాయి. ఆ లోపే ఆసుపత్రికి చేరితే ఫోమెపిజోల్ అనే విరుగుడు మందుతో, డయాలసిస్‌తో కాపాడవచ్చు. కరోనా మొదలైన 2020లో, మద్యం తాగితే వైరస్ చస్తుందనే పుకారు నమ్మి ఇరాన్‌లో వందల మంది మిథనాల్ కలిసిన మద్యానికి బలైపోయారు.

* మిథనాల్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. చేతుల గ్రీజు కడుక్కోవడానికి దాన్ని వాడకూడదు.
* మిథనాల్ డ్రమ్ములను, క్యాన్లను ఎంత కడిగినా నీళ్లు పట్టుకోవడానికి వాడకూడదు.
* పగటి వెలుతురులో మిథనాల్ మంట దాదాపు కనపడదు. నీళ్లు కలిసిన మిథనాల్ కూడా అంటుకోగలదు.
* చర్మం మీద పడితే బట్టలు తీసేసి, ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి. కంట్లో పడినా అంతే.
* మింగినట్టు అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ‘మిథనాల్’ అనే పేరు డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.
* తాను వాడే ప్రతి రసాయనానికి భద్రతా పత్రం చూపించమని, తనకు అర్థమయ్యే భాషలో చెప్పమని సూపర్‌వైజర్‌ను అడగడంలో తప్పు లేదు.

గ్యాస్ పొయ్యి వెలిగించినప్పుడు వచ్చే నీలం మంట వెనక ఇంత కథ ఉంటుంది. పైపు అడ్డుపడకుండా పోసిన మిథనాల్‌కు, పని అయ్యాక ఎటు పోవాలన్నది కూడా ముందే నిర్ణయించి ఉండాలి. రసాయన శాస్త్రం దారి చూపించింది. ఉప్పు, గంధకం తీసే ఖర్చు భరించి ఆ దారిన నడవాల్సింది గ్యాస్ తీసి అమ్మే కంపెనీలే. అలా నడిచేలా చూడాల్సింది ప్రభుత్వాలు.